విదేశీ పెట్టుబడి – మన పాల క్యాను
(సభ్యుల విద్యా పాఠం)



ఇటీవల యాదగిరిగుట్ట పరిసరాలలోని ఒక సంఘం సర్వసభ్య సమావేశానికి మేము హాజరైనాము. లెక్కలు చదవడం ముగిసిన తరువాత వెనుక వరుసలోనుంచి ఒక సభ్యుడు లేచి ఇట్లా అడిగినాడు: “సారూ, ఫ్రాన్సోళ్లు వచ్చి పాల కంపెనీలు కొంటున్రని పేపర్ల చదివిన. రేపు మన సంఘాన్ని గూడ కొంటరా?”

కొందరు నవ్వినారు. కాని ఇది నవ్వి విడిచిపెట్టవలసిన ప్రశ్న కాదు. ఆనాడు సాయంత్రం పాలు పోసే వేళ అయినందున రెండు మాటలు చెప్పి కూర్చున్నాము. పూర్తి సమాధానం ఈ పాఠంలో చెప్పదలచినాము. మీ సంఘాలలో దీనిని చదివించి చర్చించవలసిందిగా కోరుతున్నాము.

విదేశీయులు మూడు దారులలో వస్తారు

విదేశీ వ్యాపారం అన్న మాట వినగానే మనము అన్నింటినీ ఒకే గాట కట్టివేస్తాము. నిజానికి పాల రంగంలోకి విదేశాలు మూడు దారులలో వస్తాయి. మూడింటి ఫలితాలూ వేరు వేరు.

మొదటిది సరుకు దారి. అనగా వారి దేశపు పాలపొడి, వెన్న, జున్ను ఓడలలో వచ్చి మన బజారులో అమ్ముడుపోవడం. రెండవది విద్య, యంత్రముల దారి. మూడవది పెట్టుబడి దారి. అనగా వారి డబ్బు ఇక్కడికి వచ్చి, ఇక్కడి కంపెనీలో వాటా కొని, ఇక్కడి పాలనే సేకరించి, ఇక్కడి వారికే అమ్మడం.

సరుకు దారికి మంచి ఉదాహరణ మన చరిత్రలోనే ఉన్నది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ ప్రారంభమైనప్పుడు యూరోపియన్ ఆర్థిక సమాజపు దేశాలు ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా 1,26,000 టన్నుల వెన్న తీసిన పాలపొడిని, 42,000 టన్నుల బటర్ ఆయిల్‌ను మన దేశానికి ఉచితంగా ఇచ్చినాయి. ఉచితంగా వచ్చినది గదా అని దానిని బజారులో చౌకగా పంచి ఉన్నట్లయితే పల్లెలో పాల ధర పడిపోయి మన రైతు బర్రెలను అమ్ముకొనేవాడు. డాక్టర్ కురియన్ నాయకత్వంలోని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఆ పని చేయలేదు. ఆ పొడిని పాలుగా కలిపి, పట్టణాలలో తగిన ధరకే అమ్మించి, వచ్చిన సొమ్ముతో పల్లెల్లో సంఘాలను, శీతల కేంద్రాలను, డెయిరీలను కట్టించింది. రైతును ముంచగల సరుకే, దానిని చేతబట్టినవారు ఎవరికి జవాబుదారులో అన్నదానిని బట్టి రైతుకు మూలధనమైనది.

విద్య, యంత్రముల దారి కూడ మనకు మేలు చేసినదే. 1955లో ఆనంద్‌లో అమూల్ ఫ్యాక్టరీ ప్రారంభమైనప్పుడు యునిసెఫ్ యంత్రసామగ్రి ఇచ్చింది. గేదె పాలను పొడి చేయడం కుదరదని కొందరు విదేశీ నిపుణులు అన్నప్పటికీ, హెచ్.ఎం. దలాయా అనే మన ఇంజనీరు చేసి చూపినాడు. వారి యంత్రము, మన బుద్ధి కలిసినాయి.

ఇక మూడవదైన పెట్టుబడి దారి. నేటి పాఠం ముఖ్యంగా దీనిని గురించినదే.

మన ఇంటి ముందటి ఉదాహరణ

1991 వరకు పాల ఫ్యాక్టరీ పెట్టాలంటే ప్రభుత్వ లైసెన్సు కావలసి ఉండేది. ఆ సంవత్సరం జూలైలో వచ్చిన నూతన పారిశ్రామిక విధానంతో ఈ పరిశ్రమకు లైసెన్సు అవసరం తీసివేసినారు. 1992లో పాలు, పాల పదార్థాల ఉత్తర్వు వచ్చి, ఏ డెయిరీ ఏ ప్రాంతంలో పాలు సేకరించాలో కొంత హద్దు పెట్టింది. 2002లో ఆ హద్దు కూడ తీసివేసినారు. అప్పటినుంచి ఎవరైనా, ఏ ఊరిలోనైనా పాల కేంద్రం పెట్టవచ్చును. ఈ మూడు సంవత్సరాలను సభ్యులు గుర్తుంచుకోవలెను. మీ ఊరి సంఘం పక్కన రెండవ తూకం యంత్రం ఎట్లా వచ్చినదో వీటిని బట్టి తెలుస్తుంది.

ఈ కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనేక ప్రైవేటు డెయిరీలు పెరిగినాయి. వాటిలో తిరుమల మిల్క్ ప్రొడక్ట్స్ ఒకటి. 2010లో కార్లైల్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ అందులో వాటా కొన్నది. 2014 జనవరిలో ఫ్రాన్సుకు చెందిన లాక్టాలిస్ సంస్థ మొత్తం కంపెనీనే కొన్నది. పత్రికలలో వచ్చిన ధర సుమారు 27.5 కోట్ల డాలర్లు, అనగా అప్పటి మారకంలో 1,700 కోట్ల రూపాయల పైమాట. తరువాత అదే సంస్థ 2016లో మధ్యప్రదేశ్‌లోని అనిక్ పాల వ్యాపారాన్ని, 2019లో మహారాష్ట్రలోని ప్రభాత్ పాల వ్యాపారాన్ని కొన్నది. మన ప్రాంతంలోనే మరొక ప్రైవేటు డెయిరీ అయిన హెరిటేజ్, పెరుగు రకాల తయారీ కొరకు 2017లో నొవాండీ అనే ఫ్రెంచి సంస్థతో ఉమ్మడి కంపెనీ పెట్టుకొన్నది.

ఇందులో చట్టవిరుద్ధం ఏదీ లేదు. కంపెనీ వాటాలు అమ్మకానికి ఉండేవే. అమ్మేవారు అమ్మినారు, కొనేవారు కొన్నారు. అయితే సభ్యులు ఒక్క సంగతి గమనించవలెను. కంపెనీ చేతులు మారినప్పుడు ఆ ధర వాటాదారులకు చెందుతుంది. ఆ కంపెనీకి ఇరవై ఏండ్లు ఉదయం సాయంత్రం పాలు పోసిన రైతు వాటాదారు కాడు. కావున అమ్మాలా వద్దా అని అతనిని అడిగే అవసరం లేదు, అమ్మిన సొమ్ములో అతనికి భాగమూ లేదు. అతనికి పాల ధర ముట్టినది, అంతటితో లెక్క సరి.

అంత డబ్బు పెట్టి ఎందుకు కొంటారు?

యూరప్ దేశాలలో పాలు, వెన్న తినగలిగినంత తింటున్నారు. అక్కడ అమ్మకం పెరగడం కష్టం. మన దేశం 1998 నుంచి ప్రపంచంలో అన్నిటికన్న ఎక్కువ పాలు ఉత్పత్తి చేసే దేశం. మన గుట్ట నుంచి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదునే చూడండి. పూర్వం మన ప్రాంతపు పాలు భువనగిరి, ఆలేరు స్టేషన్లలో రైలెక్కి పట్నం హోటళ్లకు పోయేవి. నేడు అదే పట్నంలో నెల జీతగాండ్లు పెరిగినారు. పెరుగు డబ్బా, పనీరు, ఐస్‌క్రీమ్, పిల్లలకు రుచుల పాలు కొంటున్నారు. లీటరు పాలు అమ్మితే వచ్చే లాభం కంటె ఈ పదార్థాలు చేసి అమ్మితే వచ్చే లాభం ఎక్కువ. విదేశీ సంస్థ ఆ లాభం కొరకు వస్తున్నది.

యంత్రమును ఎక్కడైనా కొనవచ్చును, ఫ్యాక్టరీని ఏడాదిలో కట్టవచ్చును. వేలాది ఇండ్లనుంచి ప్రతిదినం రెండు పూటలా పాలు తెచ్చే ఏర్పాటును మాత్రం ఏడాదిలో కట్టలేరు. వారు నిజంగా కొన్నది ఆ ఏర్పాటునే. అనగా పల్లెలో పాలు పోసే అలవాటుకు అంత విలువ ఉన్నదని వారు గ్రహించినారు. మన సంఘాలలో మనమే దానిని గ్రహించలేదని మాకు అనిపిస్తుంది.

వచ్చినవారందరూ నిలిచిపోతారనుకోవడం కూడ పొరపాటే. డానోన్ అనే మరొక పెద్ద ఫ్రెంచి సంస్థ మన దేశంలో పెరుగు, పాల వ్యాపారం చేసి, అది కలిసిరానందున 2018లో ఆ వ్యాపారం నుంచి తప్పుకొన్నది. పెట్టుబడికి కాళ్లు ఉంటాయి. మన బర్రెకు, మన చొప్ప వామికి, మన భూమికి ఆ కాళ్లు లేవు. మనము ఇక్కడనే ఉండాలి.

ఫ్రాన్సు రైతుల సంగతి

లాక్టాలిస్ సంస్థ చరిత్ర మనవంటి వారికి తెలియదగినది. 1933లో ఫ్రాన్సులోని లావల్ అనే పట్టణంలో ఆంద్రే బెనియే అనే ఒక వ్యక్తి మొదటి దినం 35 లీటర్ల పాలు సేకరించి 17 జున్ను ముద్దలు చేసినాడు. అనగా మన చిన్న సంఘంలో ఒక పూట వచ్చే పాలకంటె తక్కువ. నేడది ప్రపంచంలోని అతిపెద్ద పాల సంస్థలలో ఒకటి. ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉన్నది.

2016 ఆగస్టులో అదే లావల్ పట్టణంలో ఫ్రెంచి పాడి రైతులు ట్రాక్టర్లతో వచ్చి ఆ సంస్థ ముందు బైఠాయించినారు. తమకిచ్చే ధర పశువుల ఖర్చులకు కూడ చాలడం లేదని వారి ఫిర్యాదు. కొన్ని దినాల పట్టుదల, చర్చల తరువాత ధర కొంత పెరిగింది. సంస్థ స్వదేశీయా విదేశీయా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఆ రైతులకు అది స్వదేశీ సంస్థయే. అయినా కలిసి నిలబడితే తప్ప వారి మాట చెల్లలేదు.

దీనికి ఎదురుగా న్యూజిలాండును చూడండి. అక్కడి ఫాంటెరా ప్రపంచమంతటా పాలపొడి అమ్మే పెద్ద సంస్థ. 2001లో ఏర్పడిన ఆ సంస్థ యజమానులు పాడి రైతులే, అది సహకార సంస్థ. ఆ రైతులు బలవంతులైనందుననే వారి సరుకు గురించి మనకు భయం. 2019 నవంబరులో పదిహేను దేశాల వ్యాపార ఒప్పందంలో మన దేశం చేరకపోవడానికి పాడి రైతుల ఆందోళన ఒక ముఖ్య కారణం. కావున విదేశీయులందరూ పెట్టుబడిదారులు, మనవారందరూ రైతుబాంధవులు అని గీత గీయరాదు. మన దగ్గర కూడ ములుకనూరు మహిళలు తమ సహకార డెయిరీ పాలను “స్వకృషి” అనే సొంత పేరుతో అమ్ముకొంటున్నారు. డెయిరీకి యజమాని ఎవరు, దానిలో పాలు పోసేవారికి ఓటు ఉన్నదా అన్న రెండు ప్రశ్నలే ఎక్కడైనా అడగవలసినవి.

సంఘాన్ని కొనగలరా?

ఇప్పుడు ఆ సభ్యుని ప్రశ్నకు వస్తాము. సంఘం వాటా బజారులో అమ్మేది కాదు. పాలు పోసే ఉత్పత్తిదారులే సభ్యులు. ఒక్క వాటా ఉన్నా పది వాటాలు ఉన్నా ఒకే ఓటు. ఎంత డబ్బున్నవాడైనా వచ్చి సంఘాన్ని టోకుగా కొనలేడు.

కాని కొనకుండానే సంఘం పోవచ్చును. ఇది మేము కండ్లార చూసినాము.

కొన్నేండ్ల క్రితం మా పరిధిలోని ఒక గ్రామ సంఘానికి దినానికి ఆరు వందల లీటర్ల పాలు వచ్చేవి. ఎండాకాలంలో ఊరిలో ప్రైవేటు కేంద్రం ఒకటి తెరిచినారు. లీటరుకు రెండు రూపాయలు ఎక్కువ, పది దినాలకు ఒకసారి బిల్లు. అదే సమయంలో సంఘ పాలకవర్గం, సభ్యులకు చెల్లించవలసిన పాల సొమ్మును భవనం మరమ్మతుకు, దాణా నిల్వకు వాడి రెండు బిల్లులు ఆపింది. దొంగతనం కాదు, సొమ్ముకు రసీదులున్నాయి. కాని ఆ సొమ్ము సభ్యులది. మేము పోయి విచారించగా ఒక వృద్ధ సభ్యురాలు ఇట్లా అన్నది: “ధర సంగతి తర్వాత సారూ. సంఘంల పోస్తే పైసలు నెల దాటినా రాకపాయె. తవుడు ఎవలు ఉద్దెర ఇస్తరు? బర్రె పస్తుంటదా?”

ఆమె మాటకు మా వద్ద జవాబు లేకపోయినది. ఆ ఎండాకాలం ముగిసేసరికి సంఘం పాలు రెండు వందల యాభై లీటర్లకు పడిపోయినాయి. అంత తక్కువ పాలకు బండి రావడం గిట్టదని దారి మార్చినారు. చలికాలం వచ్చి పాలు పెరిగినాక ప్రైవేటు కేంద్రం ధర తగ్గించింది. సభ్యులు సంఘానికి తిరిగి రాదలచుకొన్నారు. కాని బండి లేదు, టెస్టర్ లేడు. సంఘాన్ని తిరిగి నిలబెట్టడానికి ఏడాదికి పైగా పట్టినది.

మా పొరపాటు కూడ చెప్పుకోవలెను. అంతకు ముందరి తనిఖీలో “చెల్లింపులలో ఆలస్యం గమనించడమైనది” అని చివరి పేజీలో ఒక వాక్యం వ్రాసి సంతకం చేసినాము. అది మొదటి పేజీలో వ్రాయవలసిన సంగతి. అప్పటినుంచి ఏ సంఘానికి పోయినా క్యాష్ పుస్తకం కంటె ముందు పాల బిల్లు చెల్లించిన తేదీ అడుగుతున్నాము.

ధర పోల్చే పద్ధతి

పోటీ కేంద్రం వచ్చినప్పుడు సభ్యులు ఆవేశంతో గాక లెక్కతో నిర్ణయించవలెను. ఈ క్రింది అంకెలు లెక్క నేర్చుకొనుటకు మాత్రమే. మీ ఊరి ధరలను వాటి స్థానంలో వేసి చూడండి.

ఒకటి: ధర కిలోకా, లీటరుకా? లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. ఒక చోట కిలోకు 48 రూపాయలు, మరొక చోట లీటరుకు 49 రూపాయలు అన్నారనుకోండి. రెండవది రూపాయి ఎక్కువగా కనబడుతుంది. కాని కిలోకు 48 అంటే లీటరుకు 49 రూపాయల 44 పైసలు. ఎక్కువ ఇచ్చేది మొదటిదే.

రెండు: వెన్న పరీక్ష. వెన్న కిలోకు 800 రూపాయలు అనుకొంటే 6.0 శాతం వెన్న గల పాలకు కిలోకు 48 రూపాయలు. మీ పాలలో 6.3 ఉండగా యంత్రం 6.0 అని చూపితే కిలోకు 2 రూపాయల 40 పైసలు పోయినట్లే. పది కిలోల పాలకు దినానికి 24 రూపాయలు, నెలకు 720 రూపాయలు. బోర్డు మీద రెండు రూపాయలు ఎక్కువ వ్రాసి, పరీక్షలో మూడు పాయింట్లు తగ్గించితే మీకు వచ్చేది లాభం కాదు, నష్టం. ఇది ప్రైవేటు కేంద్రానికి ఎంత వర్తిస్తుందో మన సంఘానికీ అంతే వర్తిస్తుంది.

మూడు: ఏడాది లెక్క. దినానికి పది కిలోలు పోసే ఇంటికి ఎండాకాలం 120 దినాలు కిలోకు 3 రూపాయలు ఎక్కువ వస్తే 3,600 రూపాయల లాభం. మిగిలిన 245 దినాలు కిలోకు రూపాయిన్నర తక్కువ వస్తే 3,675 రూపాయల నష్టం. చివరకు 75 రూపాయలు పోగొట్టుకొన్నట్లే. ఆపైన సంఘంలో రావలసిన బోనస్ కూడ పోతుంది. పాలు తక్కువగా ఉన్న నాలుగు నెలల ధర చూసి పన్నెండు నెలల నిర్ణయం చేయరాదు.

ఈ లెక్క వేసిన తరువాత కూడ సంఘం కంటె బయటి కేంద్రమే మేలని తేలవచ్చును. అట్లా తేలితే సభ్యులను తప్పుపట్టవద్దు. సంఘంలో లోపం ఎక్కడున్నదో పాలకవర్గం వెతుక్కోవలెను. పోటీ వలన మనము నేర్చుకొనదగినవి కూడ ఉన్నాయి. పాలు పోసిన వెంటనే చీటీ ఇవ్వడం, సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో వేయడం, పాలను ఊరిలోనే చల్లబరచడం వంటివి ఎవరు చేసినా మంచి పద్ధతులే.

సంఘాలు చేయవలసిన పనులు

1. పాల బిల్లు తేదీని గోడ మీద వ్రాయించి, ఆ తేదీకి చెల్లించవలెను. పాల సొమ్మును మరొక ఖర్చుకు ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. దాణాకు, భవనానికి వేరు నిధి ఉండవలెను.

2. వెన్న మీదికి తేలే గుణం గలది. కావున నమూనా తీసేముందు పాలను బాగుగా కలియబెట్టవలెను. నెలకొకసారి సభ్యుల ఎదుట కొన్ని నమూనాలను గర్బర్ పద్ధతిలో పరీక్షించి, యంత్రం చూపిన అంకెతో సరిపోల్చి, ఫలితం బోర్డు మీద వ్రాయవలెను.

3. తూకం, వెన్న శాతం, ధర మూడూ ఉన్న చీటీ ప్రతి పూటా ఇవ్వవలెను. చదువురాని సభ్యులకు టెస్టర్ నోటితో చదివి వినిపించవలెను.

4. పాలు పోసేది చాలా ఇండ్లలో ఆడవారు. సభ్యత్వం, బ్యాంకు ఖాతా వారి పేర ఉంటే వారు సమావేశానికి వస్తారు, లెక్క అడుగుతారు. అడిగేవారున్న సంఘం చెడదు.

5. సర్వసభ్య సమావేశంలో లాభం ఎంత, రిజర్వు నిధి ఎంత, బోనస్ ఎంత అన్న మూడు అంకెలను మామూలు మాటలలో చెప్పవలెను.

ఈ అయిదింటిలో ఏ ఒక్కదానికీ విదేశీ డబ్బు గాని, ప్రభుత్వ గ్రాంటు గాని అక్కర లేదు.

మన ప్రాంతం రాళ్లగుట్టల నేల. కాలమైతే పంట, కాకుంటే బోరు బావి అప్పు. గుట్టకు వచ్చే భక్తుల వలన హోటళ్లు, దుకాణాలు నడుస్తున్నా, పల్లెలో ప్రతి పదిహేను దినాలకు చేతికి అందే సొమ్ము పాల సొమ్మే. పిల్లల ఫీజు, సావుకారు వడ్డీ దానిమీదనే గడుస్తున్నాయి. ఆ సొమ్ముకు ధర నిర్ణయించే చోట మనకు ఒక ఓటు ఉండడం చిన్న సంగతి కాదు.

ఆ సభ్యుడు మళ్లీ ఎదురైతే మేము చెప్పే జవాబు ఇది: నాయనా, మన సంఘాన్ని ఫ్రాన్సు వారు కొనలేరు, పట్నం వారూ కొనలేరు. దాని బతుకు మీరు రేపు పొద్దున క్యాను ఏ గుమ్మానికి తీసుకుపోతారో, ఆ గుమ్మంలో మీకు సరియైన తూకం, సరియైన పరీక్ష, సమయానికి సొమ్ము దొరుకుతాయో లేదో అన్నదానిమీద ఉన్నది.

చర్చకు ప్రశ్నలు

1. మీ సంఘంలో గడచిన ఆరు పాల బిల్లులు ఏ ఏ తేదీలలో చెల్లించినారు? ఆలస్యమైతే కారణమేమి?

2. మీ ఊరిలోని ఇతర కేంద్రం ధర కిలోకా, లీటరుకా? పన్నెండు నెలల లెక్క వేసినారా?

3. వెన్న పరీక్ష యంత్రాన్ని చివరిసారిగా సభ్యుల ఎదుట ఎప్పుడు సరిచూసినారు?

4. గత ఏడాదిలో పాలు మానివేసిన సభ్యులెందరు? వారి ఇండ్లకు పోయి కారణం అడిగిన పాలకవర్గ సభ్యులెవరు?